మురిగిన ఓటు

అండాలమ్మ కళ్ళకు ఏ జబ్బూ లేదు. దిల్‌సుఖ్‌నగర్ కంటి ఆస్పత్రిలో డాక్టరు ఆ మాట తేల్చక ముందే జంగయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఆమెకు టోకెను తీసుకున్నాడు, తెలిసే ఆమెను వెంటబెట్టుకుని మెట్రో మెట్లు ఎక్కించి దింపాడు. ఇప్పుడు పరీక్ష గది బయట ఇనుప కుర్చీలో కూర్చుని, ఆమె కంట్లో చిన్న పొరయినా దొరికేలా చూడమని దేవుణ్ణి వేడుకుంటున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి శుక్లం రావాలని మొక్కుకున్నవాడు ఆ పూట హైదరాబాదు మొత్తంలో జంగయ్య ఒక్కడే అయి ఉంటాడు.

పక్క కుర్చీలో అండాలమ్మ భర్త, జంగయ్య నాన్నకు పాత సావాసగాడు జానయ్య కూర్చున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి. తెల్ల చొక్కా జేబులో నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి. తంగెళ్ళగూడెం బూతులో ఎర్రజెండా ఏజెంటుగా కూర్చున్న రోజుల నుంచీ ఆయనకు రెండు పెన్నులు అలవాటు. మనవాళ్ళ పేరు మీద ఎర్ర టిక్కు, బయటివాళ్ళ పేరు మీద నీలం టిక్కు. ఎర్ర పెన్నులో సిరా అయిపోయి పదేళ్ళయినా జేబులోంచి తియ్యలేదు. తీస్తే పార్టీకి రాజీనామా ఇచ్చినట్టు ఉంటుందని ఆయన బాధ.

"డాక్టరమ్మను జర గట్టిగ చూడమను జంగా," అన్నాడు జానయ్య. "ఆపరేషన్ అంటే ఆపరేషనే. పరిషత్ ఎలక్షన్లు ఒస్తున్నయంటున్నరు. ఇది మళ్ళ పక్క గుర్తు మీద గుద్దిందనుకో, మీ నాయిన నన్ను బతకనియ్యడు."

జంగయ్య తల ఊపాడు. ఊపిన తలను పైకెత్తలేకపోయాడు.

తలుపు తెరిచి డాక్టరు బిందుమాధవి లోపలికి పిలిచింది. గుంటూరు వైపు మాట ఆవిడది, నవ్వు మొహం. అండాలమ్మ స్టూలు మీద ఒదిగి కూర్చుని ఉంది, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన పిల్లలాగా.

"పెద్దాయనా, మీ ఆవిడ గోడ మీద పెద్ద అక్షరం కూడా కనపడటంలేదన్నారండీ," అంది డాక్టరు. "సరే, చుక్కలేసి చూద్దామని మా నర్సు చేత చీటీ రాయించాను. ఆ చీటీ చూసి 'నా పేరుల దీర్ఘం ఏది బిడ్డా' అని అడిగారు. రాసిన పిల్లకే కనపడలేదు ఆ తప్పు! మిషను మీద కూడా చూశాలెండి. శుక్లం కొంచెం మొదలైంది, ఈ వయసుకి అది మామూలే. చూపుకి అడ్డమేం లేదు. మీ కళ్ళకంటే ఆవిడ కళ్ళే నయం."

పాపం డాక్టరు మంచి కబురే చెప్పాననుకుంది. అయితే ఆవిడ ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఒక్కరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

జానయ్య ముందు భార్య వైపు చూశాడు, తర్వాత ఆ చీటీ వైపు. అండాలమ్మకు అక్షరాలు నేర్పింది ఆయనే, పెళ్ళయిన కొత్తలో, పార్టీ నడిపిన రాత్రి బడిలో. దీర్ఘం ఎక్కడ పెట్టాలో చెయ్యి పట్టి దిద్దించింది కూడా ఆయనే.

"మరి బటన్ కనవడలేదంటివి?" అన్నాడు.

అండాలమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"తెలిసే ఒత్తినవ్ అన్నట్టు," అన్నాడు జానయ్య. గట్టిగా కూడా అనలేదు. చేతికర్ర అందుకుని, వెనక ఎవరొస్తున్నారో చూడకుండా బయటికి నడిచాడు.

జంగయ్యకు ఒక్క మాట చాలు ఆయన్ని వెనక్కి పిలవడానికి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. డాక్టరు ముందు ఏం బాగుంటుందని మింగేశాడు. నాలుగు నెలలుగా జంగయ్య మింగుతున్నది ఆ ఒక్క మాటనే. ప్రతిసారీ మింగడానికి ఒక మర్యాదైన కారణం దొరుకుతూనే ఉంది.

జంగయ్య నాన్న అంతయ్య. ఎనభై నాలుగేళ్ళు. నీటికాసులు వచ్చి ఐదేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. అప్పటినుంచి మన్సూరాబాద్‌లో కొడుకు దగ్గరే ఉంటున్నాడు. తంగెళ్ళగూడెంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊరిని చుట్టుపక్కలవాళ్ళు చిన్న మాస్కో అని ఎగతాళి చేస్తే, ఊరివాళ్ళు ఆ ఎగతాళినే బిరుదుగా తగిలించుకుని తిరిగారు. అంతయ్య తండ్రి సాయుధ పోరాటం రోజుల్లో దొర గడీ మీదికి గుత్పకర్ర పట్టుకుని పోయినవాడు. ఎనిమిదేళ్ళ అంతయ్య దళానికి సద్దిమూటలు మోసినవాడు. ఆ ఇంట్లో పార్టీ అనరు, ఆనాటి అలవాటుగా సంఘం అంటారు. సంఘం అనే మాటకు అసలు అర్థం తెలిసినవాళ్ళంతా పోయినా, అంతయ్య ఇప్పటికీ అలాగే అంటాడు.

జంగయ్య చిన్నతనంలో ఊళ్ళో ఏడువందల ఓట్లుంటే ఆరువందలకు పైగా సుత్తె కొడవలికే పడేవి. కాగితపు ఓట్ల కాలం అది. ముద్ర గుద్దాక ఓటు కాగితాన్ని ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాతే అడ్డంగా. అడ్డంగా మొదలుపెడితే తడి సిరా పై గుర్తుకో కింది గుర్తుకో అంటుకుని ఓటు చెల్లకుండా పోతుంది. చెల్లదు అని ఆ ఊళ్ళో అనరు, మురిగిపోయింది అంటారు. నీళ్ళలో నానిన ధాన్యం మురిగినట్టు ఓటు కూడా మురుగుతుందని వాళ్ళ లెక్క. ఎలక్షన్ల ముందు పది రోజులు అంతయ్య ఏడేళ్ళ కొడుకును అరుగు మీద నిలబెట్టి, పాత క్యాలెండరు కాగితాలిచ్చి, ఊరి ఆడవాళ్ళకు మడత చూపించమనేవాడు. అండాలమ్మ కూడా ఆ చేతులు చూసే నేర్చుకుంది. అంతయ్య కొడుకు మడిచిన ఓటు మురగదని ఊళ్ళో ఒక పేరు. ఆ పేరే ఇప్పుడు జంగయ్య ప్రాణం తీస్తోంది.

ఊరు ఒక్కరోజులో మారిపోలేదు. పసుపు జెండా వచ్చినప్పుడు ఈడుమీద ఉన్నవాళ్ళు అటు పోయారు. చెయ్యి గుర్తు ఇంటింటికీ చుట్టరికం కలుపుకుని కొందరిని లాక్కుంది. బోర్లు ఎండిపోయి సగం ఊరు ఎల్‌బీనగర్ చుట్టుపక్కలకు కిరాయి ఇళ్ళకు వచ్చి పడింది. వచ్చినవాళ్ళు ఇక్కడి గాలి పీల్చి, పండగలకు పబ్బాలకు పోయినప్పుడు ఆ గాలిని ఊళ్ళోకి మోసుకుపోయారు. జంగయ్య ఆర్టీసీలో మెకానిక్కు. తెలంగాణ కావాలని బస్సులు ఆపి డిపో ముందు టెంటు కింద కూర్చున్న రోజుల్లో గులాబీ కండువా మెడలో పడింది, తీయబుద్ధి కాలేదు. కూతురు తేజస్విని దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగుకు పోతుంది. ఆ పిల్ల తొలి ఓటు పువ్వు గుర్తుకు వేసింది.

వేసి వచ్చి, తాత మంచం మీద కూర్చుని మొహం మీదే చెప్పింది. "తాతా, నేను పువ్వుకేసిన. కోపమొస్తే తిట్టు."

వంటింట్లోంచి వింటున్న జంగయ్య గుమ్మం దాకా వచ్చాడు. అంతయ్య చెయ్యి చాపి మనవరాలి తల తడిమాడు. "నీ ఓటు నీది బిడ్డా. గది నీకియ్యనీకే మా నాయిన గుత్ప పట్టిండు. ఎందుకేసినవో నాకు చెప్తే చాలు," అన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. ఎవరూ గెలవలేదు, ఎవరికీ కోపం రాలేదు.

నాలుగు నెలల కిందట, అసెంబ్లీ ఎలక్షన్ల రోజు తంగెళ్ళగూడెం ఓటర్ల కోసం ఎల్‌బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర తెల్లారకముందే బస్సు పెట్టారు. అన్ని రంగులవాళ్ళూ ఆ ఒక్క బస్సులోనే ఎక్కారు. జంగయ్య నాన్నను ముందు సీటులో కూర్చోబెట్టాడు. వెనకనుంచి జంగయ్య చిన్నప్పటి సావాసగాడొకడు కేకేశాడు. "జంగన్నా, మీ నాయిన ఇంకా గా సుత్తె కొడవలికేనా? ఓటు మురగబెట్టుడే గద!" బస్సంతా నవ్వింది. అంతయ్య కూడా నవ్వాడు. జంగయ్య మాత్రం నవ్వలేకపోయాడు. మురగబెట్టుడు అన్న మాట చెవిలో దూరిన చీమలా ఊరు దాకా కుడుతూనే వచ్చింది.

బూతులో అంతయ్యకు చూపు లేదని తోడు మనిషిని రానిచ్చారు. తోడు మనిషి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ ఓటరు ఎవరికి ఓటు వేశాడో రహస్యంగా ఉంచుతానని, వేరే ఏ ఓటరుకూ ఈ రోజు తోడు రాలేదని. జంగయ్య సంతకం పెట్టాడు. తన ఓటుకు ఎడమ చేతి వేలికి సిరా పడింది, నాన్నకు తోడు వచ్చినందుకు కుడి చేతి వేలికి పడింది. రెండు చేతులకూ సిరా పూయించుకుని తండ్రిని అట్టపెట్టె చాటుకు తీసుకుపోయాడు.

"సుత్తె కొడవలి నక్షత్రం," అని గుసగుసగా చెప్పాడు అంతయ్య. ఆయన చెయ్యి కొడుకు భుజం మీద ఉంది.

జంగయ్య ఆ గుర్తు చూశాడు. దాని పక్కన బటన్ చూశాడు. వేలు దాని మీదికి పోలేదు, రెండు వరసలు పైనున్న గులాబీవాళ్ళ బటన్ మీదికి పోయింది. ఎందుకు పోయిందో ఆయన తర్వాత నాలుగు నెలలు ఆలోచించాడు. ఈసారి పోటీ గట్టిగా ఉంది, ఒక్కో ఓటూ కావాలి, ఇది మురిగిపోయే ఓటు అనుకున్నది నిజం. అది ఒక్కటే నిజం కాదు. అమ్మ జ్వరంతో పోయిన రోజు నాన్న సూర్యాపేటలో మీటింగులో ఉన్నాడు. రాత్రికి గానీ రాలేదు. ఆ ఎర్రజెండా మీద నలభై ఏళ్ళ నాటి కోపం ఎక్కడో అడుగున ఉండి, గుడ్డివాడైన తండ్రి పక్కనుండగా, ఎవరూ చూడని చోట, వేలి చివరికి వచ్చింది. ధైర్యమున్న కోపమైతే ఎదురుగానే వచ్చి ఉండేది.

మిషను కూయ్‌మంది.

"పడ్డదా?" అన్నాడు అంతయ్య.

"పడ్డది నాయినా."

"ముర్గలే గద?"

"ముర్గలే."

ముసలాయన కొడుకు భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడం జంగయ్య భుజానికి ఇంకా తెలుస్తూనే ఉంది.

ఓట్ల లెక్కింపు అయిన సాయంత్రం ఊరినుంచి జానయ్య ఫోను చేశాడు. తంగెళ్ళగూడెంలో పార్టీ సభ్యత్వం రాయించుకునేవాళ్ళు ముగ్గురే మిగిలారు, ఆయన, అండాలమ్మ, అంతయ్య. "మన బూతుల రెండు ఒచ్చినయి కామ్రేడ్," అన్నాడు జానయ్య.

"రెండేంది? మూడు రావాలె గద," అన్నాడు అంతయ్య.

"నేనూ గదే అనుకుంటున్న."

"నా ఓటు నా కొడుకు ఏసిండు. నా చెయ్యి వాని మీదనే ఉండె. వాడు ఎట్లాంటోడో నీకు ఎర్కే."

"వాని మాట నేనెందుకంట?" అన్నాడు జానయ్య.

జంగయ్య అక్కడే ఉన్నాడు, ఫోను స్పీకరులో ఉంది. ఇద్దరు ముసలివాళ్ళు ఆయన నిజాయితీకి పోటీలు పడి సాక్ష్యం చెబుతుంటే, ఆయన అరటిపండు తొక్క తీస్తూ కూర్చున్నాడు. నోరు తెరవాల్సింది అప్పుడే. ఓటు రహస్యంగా ఉంచుతానని సంతకం పెట్టాను కదా అని మనసుకు చెప్పుకున్నాడు. దొంగతనం చేసిన మనిషికి చట్టం మీద అంత గౌరవం రావడం అదే మొదటిసారి.

అనుమానం పోయిపోయి అండాలమ్మ మీద పడింది. ఆమె అన్న కొడుకు పువ్వు పార్టీలో మండలం లీడరు. అంతయ్య ఆ మాట ఎత్తాడు. జానయ్యకు కోపమొచ్చింది. నా ఇంటిదాన్ని అంటావా అని ఫోను పెట్టేశాడు. పెట్టేశాడే గానీ, ఆ రాత్రి నుంచి ఆయనకూ అదే అనుమానం పట్టుకుంది. భార్య వడ్డిస్తే తినడం మానేసి, తనంతట తానే పెట్టుకు తినడం మొదలుపెట్టాడు.

ఇక్కడ అంతయ్య పరిస్థితి ఇంకా అధ్వాన్నం. రోజూ పొద్దున ఏడింటికి జానయ్య ఫోను వచ్చేది. "ఉన్నవా కామ్రేడ్?" అంటే "ఉన్న" అనేవాడు అంతయ్య. అంతే, ఆ తర్వాత మాట్లాడుకునేది వానల గురించో మోకాళ్ళ గురించో. ఆ ఫోను ఆగిపోయింది. రెండు నెలలు ముసలాయన ఏడు కాగానే ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, ఎనిమిదికి మంచం మీద పక్కకు పెట్టడం. జంగయ్య రోజూ ఆ వేళకు ఏదో పని పెట్టుకుని ఇంట్లోంచి బయటపడేవాడు.

అప్పుడు అండాలమ్మ ఒప్పుకుంది. తనంతట తానే ఫోను చేసి, "నాదే తప్పు బావా, కండ్లు మసకగ ఉండె, పక్క బటన్ ఒత్తినట్టున్న. ఆయనకు తెలిస్తే తిడ్తడని దాచిన," అని చెప్పింది. అంతయ్య ముందు నివ్వెరపోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు. భర్తకూ అదే చెప్పినట్టుంది, మర్నాడు ఏడింటికి ఫోను మోగింది. అక్కణ్ణుంచి ఇద్దరు ముసలివాళ్ళకూ అండాలమ్మ కళ్ళే పెద్ద వేళాకోళం. ఉప్పు డబ్బాకు చక్కెర డబ్బాకు తేడా తెలుస్తుందా అని ఒకరు, ఈసారి గుర్తు మీద సున్నం బొట్టు పెట్టాలని ఒకరు. నాన్న నవ్వు విని జంగయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. చేయని తప్పును ఆ మనిషి ఎందుకు నెత్తిన వేసుకుందో అడిగే ధైర్యం ఆయనకు లేదు.

ఆ వేళాకోళమే చివరికి కంటి ఆస్పత్రి దాకా వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాక జానయ్య పెట్టె ఆ చివరకు పోయి, తలుపు దగ్గర కర్ర ఆనించి నిలబడ్డాడు. ఎవరో కుర్రవాడు సీటు ఇస్తే వద్దన్నాడు. ఈ చివర అండాలమ్మ, పక్కన జంగయ్య. రైలు చైతన్యపురి దాటింది.

"నువ్వే గద బిడ్డా?" అంది అండాలమ్మ.

జంగయ్య ఆమె వైపు తిరగలేదు.

"నాది నాకెర్క. ఆయనది ఆయన చచ్చినా మారదు. మిగిలింది ఒక్కటి. గంత లెక్క నాకు రాదా?"

"మరి నువ్వెందుకు మీదేసుకున్నవ్ చిన్నమ్మా?"

"ఆ ముసలోళ్ళిద్దరు మాట్లాడుకోకుంటే ఇంకో నెల తిరగకముందే పోతుండె. నన్ను గుడ్డిదంటే నాకేమైతది? నవ్వుకున్నరు, మంచిగనే ఉండె." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "గీ డాక్టరమ్మ ఇంత మంచిగ చూస్తదని నేనేమన్న కలగన్ననా?"

జంగయ్యకు నవ్వు వచ్చి, సగంలోనే ఏడుపైంది. "ఇంటికి పోయి నాయినకు చెప్తా," అన్నాడు.

"చెప్పకు." ఆమె గొంతు గట్టిపడింది. "మీ నాయినకు ఊరు పోయింది, సంఘం పోయింది, కండ్లు పోయినయి. కొడుకు గూడ పోవాల్నా? నేను చూసుకుంట. మా అన్న కొడుకు కాళ్ళమీద పడి అడిగిండు, కాదనలేకపోయిన అని చెప్త. ఆయన నాలుగు రోజులు మాట్లాడడు, తర్వాత ఆయనే ఒస్తడు. ఆడిదాని ఓటుకు గంత విలువ ఎవ్వరిస్తరు?"

ఎల్‌బీనగర్ వచ్చింది. జానయ్య వాళ్ళకోసం ఆగకుండా దిగి, మెట్ల వైపు నడిచాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, లిఫ్టు ఉందని జంగయ్య పిలిచినా వినిపించుకోలేదు. అరవై ఏళ్ళు కలిసి బతికిన భార్య అబద్ధమాడిందనుకుని ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతున్న ఆ వీపును చూస్తూ జంగయ్య వెనకాలే దిగాడు. మన్సూరాబాద్ దాకా ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు.

ఇంట్లో అంతయ్య మంచం మీద సిద్ధంగా కూర్చున్నాడు, జానయ్య వస్తున్నాడని ఉతికిన చొక్కా తొడుక్కుని. కర్ర చప్పుడు విని పిడికిలి ఎత్తాడు. జానయ్య ఎత్తలేదు. చూపులేని మనిషికి ఆ సంగతి తెలియదు.

"ఏమన్నది డాక్టరమ్మ? ఆపరేషన్ ఎన్నడంట?"

"ఆపరేషన్ లేదు," అన్నాడు జానయ్య. "కండ్లు మంచిగున్నయంట. తెలిసే ఏసింది అంతయ్యా. ఊరంతా పోయిందని ఏడ్చుకుంటున్నం మనం. నా ఇంట్లనే పోయింది, నాకే తెల్వలే."

అంతయ్య పిడికిలి మెల్లగా ఒళ్ళోకి దిగింది. "అండాలమ్మా, నిజమేనా?"

అండాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. జంగయ్య వైపు ఒకసారి చూసి, ఊరుకో అన్నట్టు తల అడ్డంగా ఊపింది. "నిజమే బావా. మా అన్న కొడుకు ఒచ్చి కాళ్ళమీద పడి..."

"చిన్నమ్మా, ఆపు!" అన్నాడు జంగయ్య. అంత గట్టిగా అరుస్తానని ఆయనే అనుకోలేదు. లోపల చదువుకుంటున్న తేజస్విని గది బయటికి వచ్చింది. "చిన్నమ్మ ఏసింది సంఘానికే నాయినా. చిన్నాయినా, నీ ఇంట్ల ఎవ్వరు పోలే. రాని ఓటు మా నాయినది. నేనే ఏరేదానికి ఒత్తిన."

జానయ్య భార్య వైపు చూడబోయి, చూడలేక, చేతికర్ర పిడిని చూశాడు.

"ఎవ్వరికి?" అన్నాడు అంతయ్య.

"గులాబీకి."

"ఎందుకు?"

అమ్మ పోయిన రోజు సంగతి జంగయ్య నాలుక మీదికి వచ్చింది. చెబితే నాన్న తల వంచుకుంటాడని తెలుసు. అందుకే చెప్పలేదు. ఇన్నాళ్ళూ పిరికితనంతో మాట మింగినవాడు ఆ ఒక్క మాట మాత్రం ఇష్టపూర్వకంగా మింగాడు. "ముర్గిపోతదని," అన్నాడు. "నీ ఓటు ముర్గిపోతదని."

"గెలిచిండా?"

"ఎవరు?"

"నువ్వు నా ఓటేసినోడు."

"లేదు నాయినా."

"ఓడిండా?"

"ఓడిండు."

"మరి ముర్గింది గదరా," అన్నాడు అంతయ్య.

ఎవరూ నవ్వలేదు. జంగయ్య మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. నాన్న తిడతాడని చూశాడు, కొట్టినా బాగుండుననుకున్నాడు. ముసలాయన తడుముకుంటూ కొడుకు కుడి చెయ్యి పట్టుకుని, చూపుడువేలి గోరు మీద బొటనవేలితో రుద్దాడు. సిరా ఎప్పుడో పోయింది.

"పిల్ల పువ్వుకేసి నా మొఖం మీద చెప్పింది. నువ్వు గులాబీ అంటే నేనెన్నడన్న కాదంటినా?" అంతయ్య గొంతులో కోపం లేదు, అర్థంకానితనమే ఉంది. "నీ ఓటు నీకుండంగ, నా ఓటెందుకు కావాల్సొచ్చె బిడ్డా?"

జంగయ్య ఆ చెయ్యి నాన్న చేతిలోనే వదిలేసి, తల మంచం పట్టెకు ఆనించి ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి కూతురి ముందు అలా ఏడవడం అదే మొదలు.

కాసేపటికి అంతయ్య ఆ చెయ్యి వదిలేశాడు. రెండు చేతులూ జోడించి గుమ్మం వైపు తిరిగాడు. "అండాలమ్మా, నిన్ను దొంగను చేసిన. తప్పయింది."

"అయ్యో, గట్లనకు బావా."

జానయ్య లేచి, భార్య కోసం కుర్చీ లాగి వేశాడు. ఆయనకు చేతనైన క్షమాపణ అదే. ఆమె కూర్చుంది.

"జానయ్యా, పరిషత్ ఎలక్షన్లు మిషన్లతోనా, కాగితాలతోనా?" అని అడిగాడు అంతయ్య.

"కాగితమే ఉంటదంటున్నరు."

"అయితే అండాలమ్మా, ఈసారి నా ఓటుకు నువ్వు తోడు రావాలె. నీ కండ్లు మంచిగున్నయని డాక్టరమ్మ చెప్పింది గద."

జంగయ్య తల పైకెత్తలేదు. ఇంతకంటే తిట్టు నాన్నకు దొరికేది కాదు. అసలు నాన్న దాన్ని తిట్టుగా అనలేదు కూడా. తన ఓటుకు నమ్మకమైన మనిషిని వెతుక్కున్నాడు, అంతే.

"ఒస్త బావా," అంది అండాలమ్మ.

"మడత యాదికున్నదా?"

"ఎందుకు లేదు? ముందుగాల నిలువుగ, తర్వాత అడ్డంగ." ఆమె నేల మీద కూర్చున్న జంగయ్య వైపు చూసింది. గొంతు కొంచెం తగ్గింది. "నీ కొడుకే గద మాకు నేర్పిండు."